ఐర్లాండ్ యూనివర్సిటీల ర్యాంకులను పోల్చడం ఎలా: పట్టిక తెరవడం నుంచి ఫీజు కట్టే దాకా

ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ 2009లో క్యూఎస్ అనే ర్యాంకింగ్ సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 43వది. 2023 పట్టికలో 98. 2026 పట్టికలో 75. అదే కాలేజీ టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ (ఇకపై టీహెచ్‌ఈ) పట్టికలో కొన్నేళ్లుగా 130కి, 180కి మధ్య తిరుగుతోంది. ఈ అంకెలేవీ అబద్ధం కాదు. అలాగని ఏ ఒక్కటీ "ఆ కాలేజీ ఎలాంటిది" అన్న ప్రశ్నకి జవాబూ కాదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు వెనక ఒకే సిలబస్, ఒకే మార్కుల పద్ధతి ఉంటాయి. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో పేపరు పెడతారు, మార్కుల పంపకం మధ్యలో మారుస్తారు, కొన్ని మార్కులు ఎక్కడో ఉన్న ప్రొఫెసర్ల అభిప్రాయాన్ని అడిగి వేస్తారు. కాబట్టి ఐర్లాండ్‌లో ఎంఎస్‌కో ఎంబీఏకో వెళ్లాలనుకునే వాళ్లు ర్యాంకును ఉన్నది ఉన్నట్టు నమ్మేయకుండా, కొట్టిపారేయకుండా, విడగొట్టి చదవాలి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పనే.

1. ముందు పేర్లు సరిచూసుకోండి

పోలిక చాలాసార్లు ఇక్కడే తప్పుతుంది. డబ్లిన్ అన్న మాట ఉన్న పేర్లే నాలుగు: ట్రినిటీ కాలేజ్ డబ్లిన్, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ (యూసీడీ), డబ్లిన్ సిటీ యూనివర్సిటీ (డీసీయూ), టెక్నలాజికల్ యూనివర్సిటీ డబ్లిన్ (టీయూ డబ్లిన్). ఇవి కాక డబ్లిన్ బిజినెస్ స్కూల్ అనే ప్రైవేటు కాలేజీ ఒకటి. యూనివర్సిటీ ఆఫ్ డబ్లిన్ అని పాత కాగితాల్లో కనిపిస్తే అది ట్రినిటీయే. 1592 నుంచీ ఆ యూనివర్సిటీకి ఉన్నది ఆ ఒక్క కాలేజీ.

మిగిలినవి: యూనివర్సిటీ కాలేజ్ కార్క్ (యూసీసీ), యూనివర్సిటీ ఆఫ్ గాల్వే, యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్ (యూఎల్), మేనూత్ యూనివర్సిటీ, వైద్యానికే ప్రత్యేకించిన ఆర్‌సీఎస్ఐ. గాల్వే 2022 దాకా ఎన్‌యూఐ గాల్వే. పాత పట్టికల్లో, సీనియర్ల సర్టిఫికెట్లలో ఆ పేరే ఉంటుంది. దాన్ని వేరే యూనివర్సిటీ అనుకుని జాబితాలో రెండుసార్లు రాసుకోకండి.

తర్వాత టెక్నలాజికల్ యూనివర్సిటీలు. 2019 జనవరి 1న డీఐటీ, బ్లాంచర్డ్స్‌టౌన్, టాలా సంస్థలు కలిసి టీయూ డబ్లిన్ అయ్యాయి. 2021లో మన్‌స్టర్, షానన్ ప్రాంతాలవి, 2022లో అట్లాంటిక్, సౌత్ ఈస్ట్ టెక్నలాజికల్ యూనివర్సిటీలు వచ్చాయి. వయసు ఇంత తక్కువ కాబట్టి "పదేళ్లలో ర్యాంకు ఎలా మారింది" అన్న పోలిక వీటికి పెట్టకూడదు. పదేళ్ల కింద ఆ సంస్థలే వేరు.

ఇంకో చిక్కు బెల్‌ఫాస్ట్. క్వీన్స్ యూనివర్సిటీ బెల్‌ఫాస్ట్, అల్‌స్టర్ యూనివర్సిటీ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో. అది యూకే. వీసా యూకేది, చదువు అయ్యాక ఉండే నిబంధనలూ యూకేవే. కన్సల్టెన్సీ ఇచ్చిన "ఐర్లాండ్ లిస్టు"లో ఇవి కనిపిస్తే వాటిని పక్కన వేరే కాగితం మీద రాసుకోండి.

2. ఒకే పట్టిక, ఒకే ఏడాది

నోట్‌బుక్‌లో గానీ షీట్‌లో గానీ మూడు నిలువు గడులు గీయండి: క్యూఎస్, టీహెచ్‌ఈ, షాంఘై (చైనా నుంచి వచ్చే, పరిశోధనని తూచే ఏఆర్‌డబ్ల్యూయూ పట్టిక). ఒక గడిలో అంకె రాసేటప్పుడు పక్కనే ఎడిషన్ ఏడాది రాయాలి. "క్యూఎస్ 2026" అంటే 2025 జూన్‌లో వచ్చిన పట్టిక. టీహెచ్‌ఈది సాధారణంగా శరదృతువులో వస్తుంది, దానికీ మరుసటి ఏడాది పేరే పెడతారు. షాంఘై ఆగస్టులో, ఆ ఏడాది పేరుతోనే వస్తుంది. అంటే ఒకే క్యాలెండర్ సంవత్సరంలో వచ్చిన రెండు పట్టికలకి రెండు వేర్వేరు ఏడాదుల పేర్లుంటాయి. ఇది తెలియక ఒక కాలేజీకి 2024 ర్యాంకు, ఇంకో కాలేజీకి 2026 ర్యాంకు పెట్టి పోల్చడం బ్రోషర్లలో కూడా జరుగుతుంది. అక్కడ పొరపాటున కాకపోవచ్చు.

క్యూఎస్ 2026 ప్రకారం ట్రినిటీ 75, యూసీడీ 118, కార్క్ 246, గాల్వే 284. యూఎల్, డీసీయూ 400 దాటగానే పక్కపక్కనే ఉంటాయి. మేనూత్, టీయూ డబ్లిన్ 700 దాటాక కనిపిస్తాయి. మన వైపు నుంచి ఒక కొలబద్ద కావాలంటే అదే పట్టికలో ఐఐటీ ఢిల్లీ 123, ఐఐటీ బొంబాయి 129. యూసీడీ ఐఐటీ ఢిల్లీకి అయిదు మెట్లు పైన ఉందని చూసి నవ్వుకునేవాళ్లూ ఉంటారు, నమ్మేసేవాళ్లూ ఉంటారు. రెండూ తొందరపాటే. ఎందుకో తర్వాతి మెట్టులో తేలుతుంది.

అంకె పక్కన "=" గుర్తు ఉంటే ఆ స్థానం మీద ఇంకొకరు కూడా ఉన్నారని అర్థం. కింద స్థానాల్లో ఒక్క అంకె బదులు 201–250 లాంటి శ్రేణి ఇస్తారు. టీహెచ్‌ఈలో 200 దాటగానే శ్రేణులే. యూసీడీ, ఆర్‌సీఎస్ఐ అక్కడ 201–300 మధ్య శ్రేణుల్లో ఉంటూ వస్తున్నాయి. శ్రేణిని శ్రేణిగానే రాసుకోండి. 201–250లో ఉన్నదాన్ని 201 అని రాస్తే మీరు దానికి ఊరికే యాభై మెట్లు ఎక్కించినట్టు.

ఒక పట్టికలో పేరే లేకపోతే కంగారు పడొద్దు, కారణం చూడండి. టీహెచ్‌ఈలో చోటు దొరకాలంటే అయిదేళ్లలో కనీసం 1,000 పరిశోధన పత్రాలు ఉండాలి, డేటా కూడా యూనివర్సిటీయే పంపాలి. కొత్త టెక్నలాజికల్ యూనివర్సిటీలకి ఈ సంఖ్య దగ్గరే ఇబ్బంది. క్యూఎస్ కనీసం రెండు విస్తృత విభాగాల్లో బోధన ఉన్న సంస్థలనే ప్రధాన పట్టికలోకి తీసుకుంటుంది, అందుకే వైద్యం ఒక్కటే చెప్పే ఆర్‌సీఎస్ఐని అక్కడ వెతికితే దొరకదు. అటు చూస్తే 2020 నుంచి చాలా ఐఐటీలు టీహెచ్‌ఈకి డేటా ఇవ్వడం మానేశాయి. ఐఐటీలనీ ఐరిష్ యూనివర్సిటీలనీ టీహెచ్‌ఈలో పోల్చాలనుకుంటే మీకు సగం గడులు ఖాళీగా మిగులుతాయి.

3. మార్కులను విడగొట్టండి

అసలు పని ఇక్కడుంది, తీరిగ్గా చేయండి.

క్యూఎస్ 2024 ఎడిషన్ నుంచి వంద మార్కులను ఇలా పంచుతోంది: ప్రొఫెసర్ల సర్వేకి 30, ఉద్యోగాలిచ్చేవాళ్ల సర్వేకి 15, ఒక్కో అధ్యాపకుడికి వచ్చిన సైటేషన్లకి (వాళ్ల పత్రాలని ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క) 20, అధ్యాపకులు–విద్యార్థుల నిష్పత్తికి 10. మిగిలిన 25ని విదేశీ అధ్యాపకులు, విదేశీ విద్యార్థులు, అంతర్జాతీయ పరిశోధన సంబంధాలు, పట్టభద్రుల ఉపాధి, సస్టైనబిలిటీ తలా 5 చొప్పున పంచుకుంటాయి. అంతకుముందు ప్రొఫెసర్ల సర్వేకి 40, అధ్యాపకుల నిష్పత్తికి 20 ఉండేవి.

ఆ చివరి మార్పు ఐర్లాండ్‌కి చాలా పెద్దది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడి ప్రభుత్వం యూనివర్సిటీల నిధులు కోసింది, నియామకాలకి కళ్లెం వేసింది. విద్యార్థుల సంఖ్య మాత్రం పెరుగుతూనే పోయింది. ఐరోపాలో సగటున ఒక అధ్యాపకుడికి 15 మంది దరిదాపుల్లో విద్యార్థులుంటే ఐర్లాండ్‌లో అది ఇరవై దాటింది. 2009లో 43వ స్థానంలో ఉన్న ట్రినిటీ, 89లో ఉన్న యూసీడీ ఆ తర్వాతి దశాబ్దంలో జారిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. 2016లో పీటర్ కాసెల్స్ నేతృత్వంలోని బృందం ఉన్నత విద్యకి డబ్బు ఎక్కణ్ణుంచి రావాలో చెబుతూ నివేదిక ఇచ్చింది. 2022లో ప్రభుత్వమే ఏటా 30.7 కోట్ల యూరోల లోటు ఉందని ఒప్పుకుంది.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. నిష్పత్తి గడిలో ఒక యూనివర్సిటీకి నూటికి 30 వచ్చాయనుకుందాం. పాత పద్ధతిలో ఆ గడి విలువ 20 కాబట్టి చేతికొచ్చేది 6, పోయేది 14. కొత్త పద్ధతిలో విలువ 10, చేతికి 3, పోయేది 7. క్లాసులో ఒక్క కుర్చీ తగ్గలేదు, ఒక్క లెక్చరర్ కొత్తగా రాలేదు, అయినా ఆ యూనివర్సిటీకి జరిగే నష్టం సగానికి తగ్గింది. ఐరిష్ యూనివర్సిటీలకి బలమైన గడులు విదేశీ అధ్యాపకులు, విదేశీ విద్యార్థులు, అంతర్జాతీయ పరిశోధన సంబంధాలు. కొత్తగా చేర్చిన వాటిలో పరిశోధన సంబంధాల గడి వీళ్లకి కలిసొచ్చేదే. యూసీడీ 2024 పట్టికలో 171, 2025లో 126, 2026లో 118. ఈ మూడూ కొత్త పద్ధతిలోవే కాబట్టి పోల్చొచ్చు. ఇలాంటి పరుగు కనిపించినప్పుడల్లా రెండు ఎడిషన్ల పద్ధతి ఒకటేనా అని ముందు చూసుకోవాలి. 2023కీ 2024కీ మధ్య గీత గీసి, ఆ గీత దాటి పోల్చకపోవడం మంచిది.

టీహెచ్‌ఈ మార్కుల పంపకం వేరు: బోధనకి 29.5, పరిశోధన వాతావరణానికి 29, పరిశోధన నాణ్యతకి 30, అంతర్జాతీయతకి 7.5, పరిశ్రమలతో సంబంధాలకి 4. పైకి బోధనకి చాలా ఇచ్చినట్టు కనిపిస్తుంది. విప్పి చూస్తే ఆ 29.5లో 15 మళ్లీ సర్వేయే, నిష్పత్తికి 4.5 మాత్రమే. మిగతాది పీహెచ్‌డీల సంఖ్య, సంస్థ ఆదాయం. ఏ లెక్చరర్ పాఠం ఎలా చెబుతాడో ఎవరూ వచ్చి చూడరు. ఈ పట్టికలో సంస్థ ఆదాయం, పరిశోధన ఆదాయం, ఉత్పాదకత లాంటి గడులు ఎక్కువ, విదేశీతనానికి తక్కువ. డబ్బు కరువులో ఉన్న ఐరిష్ యూనివర్సిటీలు క్యూఎస్‌లో కన్నా టీహెచ్‌ఈలో కిందికి ఉండటం అందుకే. రెండిటికీ మధ్య ట్రినిటీకి అరవై మెట్లకు పైగా తేడా ఉండటంలో మర్మమేమీ లేదు.

మీరు చేయాల్సింది: క్యూఎస్ సైటులో ఒక్కో యూనివర్సిటీ పేజీ తెరవండి, కిందికి వెళ్తే గడులవారీ స్కోర్లు ఉంటాయి. టీహెచ్‌ఈలోనూ అంతే, పట్టిక పైన "స్కోర్లు" అన్న ట్యాబ్ ఉంటుంది. మీ జాబితాలోని నాలుగైదు యూనివర్సిటీలకి మూడు స్కోర్లు చాలు: ఉద్యోగాలిచ్చేవాళ్ల సర్వే, అధ్యాపకుల నిష్పత్తి, సైటేషన్లు. మాస్టర్స్ చేసి ఉద్యోగం వెతుక్కునే మనిషికి మొదటిది ఎక్కువ ముఖ్యం. థీసిస్ గైడ్ దొరకడం, ల్యాబ్‌లో చోటు దొరకడం రెండోదాన్ని బట్టి ఉంటాయి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటేనే మూడోదానితో పని. మొత్తం ర్యాంకులో వెనకున్న యూనివర్సిటీ ఈ మూడిట్లో ఒకదాంట్లో ముందుండటం మామూలే.

సర్వేల మీద ఒక మాట. క్యూఎస్‌లో 45 మార్కులు, టీహెచ్‌ఈలో 33 మార్కులు మనుషుల అభిప్రాయాల నుంచి వస్తాయి. అభిప్రాయం నెమ్మదిగా మారుతుంది, పాత పేరున్నవాళ్లకి మేలు చేస్తుంది, పైగా దాన్ని కొంచెం నెట్టడానికి వీలుంటుంది. 2013లో కార్క్ యూనివర్సిటీ అధ్యక్షుడు తమ సిబ్బందికి రాసిన లేఖ బయటికొచ్చింది. వేరే యూనివర్సిటీల్లో తమకి తెలిసినవాళ్లను క్యూఎస్ సర్వేలో నమోదు కమ్మని అడగండి అన్నది అందులోని సారాంశం. దాని మీద చాలా చర్చ నడిచింది. డేటా వైపు కూడా చూడండి: 2016లో ట్రినిటీ టీహెచ్‌ఈ పట్టికలోంచే తప్పుకోవాల్సి వచ్చింది. పంపిన ఆర్థిక వివరాల్లో దశాంశ బిందువు తప్పు చోట పడింది, ఆ సంగతి ట్రినిటీయే గుర్తించి చెప్పింది. నాలుగు వందల ఏళ్ల సంస్థ, ఒక చుక్క. ర్యాంకులో నాలుగైదు మెట్ల తేడాకి ఎంత విలువ ఇవ్వాలో ఇది చూసి మీరే అనుకోండి.

4. షాంఘై పట్టికను ఎప్పుడు చూడాలి

మీరు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో పరిశోధనకి వెళ్తుంటే. లేకపోతే వదిలేయండి. అక్కడ పూర్వ విద్యార్థుల నోబెల్, ఫీల్డ్స్ పతకాలకి 10, అధ్యాపకుల పతకాలకి 20, ఎక్కువగా ఉదహరింపబడే శాస్త్రవేత్తలకి 20, నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన వ్యాసాలకి 20, మొత్తం ప్రచురణలకి 20 మార్కులు, మిగతా 10 సిబ్బంది సంఖ్యతో భాగించి ఇస్తారు. ట్రినిటీలో పనిచేస్తూనే ఎర్నెస్ట్ వాల్టన్ 1951లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నారు, ట్రినిటీలో చదివిన విలియం క్యాంప్‌బెల్‌కి 2015లో వైద్యంలో వచ్చింది. దశాబ్దం వెనక్కి వెళ్లేకొద్దీ పతకం బరువు తగ్గుతుంది గానీ ఒక్కసారిగా పోదు. డేటా అనలిటిక్స్ మాస్టర్స్‌కి వెళ్లేవాడికి ఇందులో ఒక్క మార్కూ పనికిరాదు.

5. సబ్జెక్టులోకి దిగండి

మొత్తం ర్యాంకు యూనివర్సిటీది, మీ డిగ్రీ డిపార్ట్‌మెంట్‌ది. క్యూఎస్, టీహెచ్‌ఈ రెండూ సబ్జెక్టులవారీ పట్టికలు విడిగా ఇస్తాయి, మార్కుల పంపకం కూడా సబ్జెక్టును బట్టి మారుతుంది. అందువల్ల కంప్యూటర్ సైన్స్‌లో 150కీ ఇంగ్లిష్ సాహిత్యంలో 150కీ పోలిక లేదు.

పట్టికతో ఆగకండి. ఆ డిపార్ట్‌మెంట్ చుట్టూ ఏముందో చూడండి, ర్యాంకుల్లోకి రాని బలం అక్కడుంటుంది.

వీఎల్‌ఎస్ఐ, ఎలక్ట్రానిక్స్ వాళ్లయితే 246వ స్థానం చూసి కార్క్‌ని కొట్టేయొద్దు. టిండల్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే, యూసీసీకి అనుబంధంగా ఉంది. ఐర్లాండ్‌లో సెమీకండక్టర్ పరిశోధనకి పెద్ద దిక్కు అదే. బీఫార్మసీ, బయోటెక్ నుంచి వెళ్లేవాళ్లకీ కార్క్ అనుకూలమే, ఆ రేవు చుట్టూ రింగస్కిడ్డీ వైపు మందుల ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. బయోఫార్మా తయారీలో శిక్షణ ఇచ్చే నిబర్ట్ సంస్థ మాత్రం డబ్లిన్‌లో ఉంది, అక్కడి కోర్సులు చూసేటప్పుడు నిబర్ట్‌లో ప్రాక్టికల్స్ ఉన్నాయా అని సిలబస్‌లో వెతకండి.

వైద్య పరికరాల వైపు ఆసక్తి ఉంటే గాల్వే. మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్ లాంటి కంపెనీలు ఆ ఊళ్లోనే ఉన్నాయి, క్యూరం పరిశోధన కేంద్రం యూనివర్సిటీలో ఉంది. సాఫ్ట్‌వేర్ పరిశోధన కేంద్రం లెరోకి లిమరిక్ ఇల్లు. డేటా, ఏఐ పరిశోధన చేసే ఇన్‌సైట్ కేంద్రం డీసీయూ, గాల్వే, యూసీసీ, యూసీడీల మధ్య పంచుకుని ఉంది. అంటే 118వ స్థానం యూనివర్సిటీకీ 400 దాటిన యూనివర్సిటీకీ ఆ రంగంలో ఒకే గొడుగు.

పశువైద్యం, వ్యవసాయ శాస్త్రాలైతే యూసీడీని ఎంచుకోవడానికి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, దాని మొత్తం ర్యాంకు కన్నా ఆ విభాగాల పేరే పెద్దది. ఎంబీఏ, మేనేజ్‌మెంట్ వాళ్లు క్యూఎస్ ప్రధాన పట్టిక మూసేసి ఫైనాన్షియల్ టైమ్స్ జాబితాలు, ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా గుర్తింపులు చూడాలి. యూసీడీ స్మర్ఫిట్‌కీ ట్రినిటీ బిజినెస్ స్కూల్‌కీ మూడూ ఉన్నాయి.

లిమరిక్ కో-ఆప్, డీసీయూ ఇంట్రా అన్న పేర్లతో ఏళ్లుగా నడుస్తున్న ప్లేస్‌మెంట్ పద్ధతులకి ఏ ర్యాంకు పట్టికలోనూ నేరుగా మార్కుల్లేవు. అయితే జాగ్రత్త, అవి ప్రధానంగా డిగ్రీ విద్యార్థులవి. మీరు వెళ్లే మాస్టర్స్‌లో ప్లేస్‌మెంట్ ఉందా లేదా అన్నది కోర్సు పేజీలో మాడ్యూళ్ల జాబితా తెరిచి, "ప్లేస్‌మెంట్" పక్కన తప్పనిసరి అని ఉందా, ఐచ్ఛికం అని ఉందా చూసుకోవాలి. ఐచ్ఛికం అంటే చాలాచోట్ల "మీరే వెతుక్కోండి" అని.

6. కోర్సు కాగితం చదవండి

ర్యాంకులో 75వదైనా 750వదైనా, ఐర్లాండ్‌లో మీ భవిష్యత్తుని ఎక్కువగా తేల్చేది కోర్సు లెవెల్. అక్కడి జాతీయ అర్హతల చట్రంలో ఆనర్స్ డిగ్రీ లెవెల్ 8, మాస్టర్స్ లెవెల్ 9, పీహెచ్‌డీ 10. చదువు అయ్యాక ఉద్యోగం కోసం ఇచ్చే స్టాంప్ 1జీ అనుమతి లెవెల్ 8కి ఏడాది, లెవెల్ 9కి మొత్తం రెండేళ్ల దాకా.

ఇక్కడే దెబ్బతింటారు. "హయ్యర్ డిప్లొమా" అన్నది డిగ్రీ తర్వాత చేసే కోర్సే అయినా లెవెల్ 8. "పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా" లెవెల్ 9 అయినా సాధారణంగా 60 క్రెడిట్లది, తరగతి పాఠాలతో నడిచే (టాట్) మాస్టర్స్ 90 క్రెడిట్లు. పేరున్న యూనివర్సిటీలో హయ్యర్ డిప్లొమా సీటు, ఒక మోస్తరు యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు రెండూ వచ్చాయనుకోండి. ర్యాంకు చూసి మొదటిది ఎంచుకుంటే చేతిలో ఉండేది ఏడాది సమయం. మంచి ర్యాంకు ఆ పోయిన ఏడాదిని తిరిగి ఇవ్వదు.

కోర్సు నిజంగా ఆ లెవెల్‌దేనా అని ఐరిష్ రిజిస్టర్ ఆఫ్ క్వాలిఫికేషన్స్ సైటులో పేరు కొట్టి చూడండి, అది ఐర్లాండ్ ప్రభుత్వ అర్హతల సంస్థ క్యూక్యూఐ నడిపేది, ఉచితం. విదేశీ విద్యార్థులకి అర్హమైన కోర్సుల జాబితాలో అది ఉందో లేదో కూడా చూడాలి. ప్రైవేటు కాలేజీల విషయంలో ఈ రెండు తనిఖీలూ వదలకూడదు. యూనివర్సిటీల ర్యాంకు పట్టికల్లో అవి ఎటూ కనిపించవు కాబట్టి వాటిని తూచడానికి మీ దగ్గరున్న తూనిక ఇదే.

ఉద్యోగాల సంగతికి ర్యాంకు కన్నా పనికొచ్చేది ఐర్లాండ్ హయ్యర్ ఎడ్యుకేషన్ అథారిటీ ఇచ్చే గ్రాడ్యుయేట్ అవుట్‌కమ్స్ సర్వే. చదువు ముగిసిన తొమ్మిది నెలలకి పట్టభద్రుల్ని అడిగి, ఎంతమందికి పని దొరికింది, ఏ రంగంలో జీతం ఎంత అన్నది విభాగాలవారీగా చెబుతుంది. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: అందులో ఐరిష్ విద్యార్థులే ఎక్కువ. వర్క్ పర్మిట్ అక్కర్లేని వాళ్ల అంకెలు మీకు యథాతథంగా వర్తించవు.

7. ప్రచారంలోని మాటలను దించి చూడండి

"ప్రపంచంలోని టాప్ 1 శాతం యూనివర్సిటీల్లో ఒకటి." క్యూఎస్ పట్టికలో ఉన్నవి సుమారు 1,500. అందులో 1 శాతం అంటే పదిహేను. ఐర్లాండ్‌లో ఏదీ ఆ పదిహేనులో లేదు. మరి ఈ మాట ఎలా అంటారంటే, ర్యాంకుల్లోకి రాని సంస్థలతో సహా ప్రపంచంలోని ఇరవై వేల పైచిలుకు ఉన్నత విద్యాసంస్థలన్నిటినీ కింద వేసి భాగిస్తారు. అప్పుడు 200వ స్థానమూ టాప్ 1 శాతమే. తప్పు కాదు, కానీ మీకు చెప్పేదీ ఏం లేదు.

"క్యూఎస్ ఫైవ్ స్టార్." ఇది ర్యాంకు కాదు. యూనివర్సిటీ డబ్బు కట్టి చేయించుకునే మూల్యాంకనం.

"యూనివర్సిటీ ఆఫ్ ద ఇయర్." సాధారణంగా ఐర్లాండ్ లోపల పత్రికలు ఇచ్చే బహుమతి. ప్రపంచ పట్టికతో సంబంధం లేదు.

"ఇంపాక్ట్ ర్యాంకింగ్‌లో ప్రపంచంలో ఫలానా." టీహెచ్‌ఈ ఐక్యరాజ్య సమితి లక్ష్యాల ఆధారంగా ఇచ్చే వేరే పట్టిక. పర్యావరణం, లింగ సమానత్వం లాంటి వాటి మీద యూనివర్సిటీ ఏం చేస్తోందో చెబుతుంది. మంచిదే. ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ ఎలా ఉంటుందో చెప్పదు.

8. ర్యాంకుకి డబ్బు ముడిపడి ఉందా చూడండి

కొన్నిసార్లు ర్యాంకును అంకెగానే తీసుకోక తప్పదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విదేశీ విద్యా దీవెనకి క్యూఎస్ టాప్ 200ని గీతగా పెట్టింది: మొదటి వందలో సీటొస్తే పూర్తి ఫీజు, 101 నుంచి 200 దాకా అయితే 50 లక్షల వరకు. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన పట్టికలో ట్రినిటీ 98, యూసీడీ 181. మూడు మెట్లు కిందికి జారి ఉంటే ట్రినిటీ పూర్తి ఫీజు గీత కిందికి వెళ్లేది. తర్వాత ఆ నిబంధనలు మారాయి. ఇలాంటి పథకం ఏదైనా, బ్యాంకు లోనైనా, ర్యాంకు షరతు ఉంటే మూడు సంగతులు లిఖితపూర్వకంగా అడగండి: ఏ సంస్థ పట్టిక, మొత్తం ర్యాంకా సబ్జెక్టు ర్యాంకా, దరఖాస్తు రోజున ఉన్న ఎడిషనా లేక చేరే రోజున ఉన్నదా. మూడోది చాలామంది అడగరు, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

ఐర్లాండ్ ప్రభుత్వం ఇచ్చే అంతర్జాతీయ స్కాలర్‌షిప్‌లో పూర్తి ఫీజు మినహాయింపుతో పాటు ఏడాదికి 10,000 యూరోలు ఇస్తారు, మొత్తం 60 మందికి. దానికి యూనివర్సిటీ ర్యాంకు అడ్డం కాదు. ఏదైనా అర్హత ఉన్న సంస్థ నుంచి ఆఫర్ లెటర్ ఉంటే దరఖాస్తు చేయొచ్చు.

9. చివరికి మీ పట్టిక

అయిదు కంటే ఎక్కువ యూనివర్సిటీలు పెట్టుకోకండి. గడులు ఇవి: సబ్జెక్టు ర్యాంకు (శ్రేణితో, ఎడిషన్‌తో), ఉద్యోగాలిచ్చేవాళ్ల సర్వే స్కోరు, అధ్యాపకుల నిష్పత్తి స్కోరు, కోర్సు లెవెల్, క్రెడిట్లు, ప్లేస్‌మెంట్ తప్పనిసరా, మొత్తం ఫీజు, ఊళ్లో గది అద్దె. లెవెల్ 9 కాని కోర్సుల వరసని ముందే కొట్టేయండి. తర్వాత ఫీజు, పన్నెండు నెలల అద్దె కలిపి యూరోల్లో ఒకే అంకె చేయండి. డబ్లిన్ అద్దెకీ లిమరిక్ అద్దెకీ ఉండే తేడా రెండు యూనివర్సిటీల ఫీజు తేడాని తినేయగలదు. వీసాకి ఏడాది ఖర్చు కింద 10,000 యూరోలు చూపించమంటారు, డబ్లిన్‌లో నిజంగా అయ్యేది అంతకు మించి ఉంటుందని లెక్కలో వేసుకోండి. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో 40 గంటలే పని చేయనిస్తారు.

సబ్జెక్టు ర్యాంకులో యాభై మెట్ల లోపు తేడాని సమానం కింద లెక్కించండి. అంతకు మించి తేడా ఉంటేనే దానికోసం అదనంగా డబ్బు పెట్టడం గురించి ఆలోచించండి. ట్రినిటీ, యూసీడీల పేరు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇంటర్వ్యూ చేసేవాళ్లకి తెలుస్తుంది. తిరిగొచ్చేయాలనుకునే వాళ్లకి అది విలువైనదే. ఐర్లాండ్‌లోనే ఉద్యోగం చూసుకుంటామంటే అక్కడి కంపెనీలకి లిమరిక్, డీసీయూ, గాల్వే అన్నీ బాగా తెలుసు, అక్కడ మీ ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ ఎక్కువ మాట్లాడతాయి.

ఒక చివరి జాగ్రత్త సమయం గురించి. సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి ఆఫర్లు చలికాలం నుంచే వస్తాయి, డిపాజిట్ గడువు వసంతంలో పడుతుంది, క్యూఎస్ కొత్త పట్టిక మాత్రం జూన్‌లో వస్తుంది. అంటే మీరు డబ్బు కట్టాక ర్యాంకు మారుతుంది, పైకో కిందికో. డిపాజిట్ కట్టిన రోజు ఆ యూనివర్సిటీ పేజీని, కోర్సు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. లోను ఆఫీసులో ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం. జూన్‌లో ఇరవై మెట్లు పడిపోయిందని వేరే చోటికి మారాలనిపిస్తే ముందు రీఫండ్ నిబంధన చదవండి. వీసా తిరస్కరణకి తప్ప మనసు మార్చుకున్నందుకు డిపాజిట్ వెనక్కి ఇచ్చే చోట్లు తక్కువ.